వయొలెట్ జెస్సాప్

వయొలెట్ కాన్‌స్టన్స్ జెస్సాప్ (1887 అక్టోబరు 2 - 1971 మే 5) ఇరవయ్యవ శతాబ్దపు తొలి అర్ధభాగంలో అట్లాంటిక్ మహాసముద్రంపై తిరిగిన పెద్ద ప్రయాణికుల ఓడలలో స్టీవార్డెస్‌గా (ప్రయాణికుల గదులలో పరిచర్య చేసే ఉద్యోగిని) పనిచేసిన మహిళ. ఒకే నమూనాపై నిర్మించిన ఒలింపిక్, టైటానిక్, బ్రిటానిక్ అనే మూడు ఓడలకు వేర్వేరు కాలాలలో జరిగిన మూడు ప్రమాదాలలోనూ ఈమె ఆ ఓడలలోనే ఉండి ప్రాణాలతో బయటపడింది. ఈ కారణంగా తరువాతి కాలంలో ఈమెను మునగని మహిళ అని పిలవసాగారు. అయితే ఈమె ఓడలలో గడిపిన కాలం దాదాపు 42 సంవత్సరాలు. ప్రమాదాలు జరిగిన రోజులు మూడే. మిగిలిన కాలమంతా తెల్లవారుజాము నుండి రాత్రి వరకు పక్కలు సర్దుతూ, ఫలహారాలు అందిస్తూ, జబ్బుపడినవారిని చూసుకుంటూ గడిచింది. ఆ జీవితాన్ని ఈమె స్వయంగా వ్రాసిపెట్టింది. పెద్ద ఓడల చరిత్రలో సేవకవర్గానికి చెందిన ఒక స్త్రీ వ్రాసిన అరుదైన రచనగా దానికి ప్రాముఖ్యత ఉంది.

బాల్యం, కుటుంబం

వయొలెట్ దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశంలో బహియా బ్లాంకా పట్టణ సమీపాన జన్మించింది. తండ్రి విలియం జెస్సాప్, తల్లి కాథరిన్. వీరు ఐర్లండు నుండి అర్జెంటీనాకు వలస వెళ్ళినవారు. ఆ కాలంలో గొర్రెల పెంపకానికి అనువైన విశాలమైన పచ్చికబయళ్ళు ఉన్నందువలన ఐర్లండు నుండి ఎన్నో కుటుంబాలు అర్జెంటీనాకు తరలివెళ్ళాయి. వయొలెట్ తండ్రి కూడా గొర్రెల పెంపకాన్నే వృత్తిగా చేపట్టాడు. ఆ దంపతులకు కలిగిన తొమ్మిదిమంది సంతానంలో ఆరుగురు మాత్రమే బ్రతికారు. వారిలో వయొలెట్ పెద్దది.

చిన్నతనంలో ఈమెకు తీవ్రమైన జబ్బు చేసింది. అది క్షయ అని భావించారు. ఈమె ఎక్కువకాలం బ్రతకదని వైద్యులు చెప్పినా కోలుకున్నది. తమ్ముళ్ళను, చెల్లెలిని సాకే బాధ్యత చిన్నప్పటి నుండే ఈమెపై పడింది. ఈమెకు పదహారేళ్ళ వయసులో తండ్రి శస్త్రచికిత్స తరువాత తలెత్తిన సమస్యలతో మరణించాడు. సంపాదించే దిక్కు లేకపోవడంతో తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఇంగ్లండు చేరింది. అక్కడ వయొలెట్ కాన్వెంటు పాఠశాలలో చదువుకుంది. తల్లి ఓడలలో స్టీవార్డెస్‌గా ఉద్యోగంలో చేరింది. తల్లి సముద్రంపై ఉన్నన్నాళ్ళు చిన్న చెల్లెలి ఆలనాపాలనా వయొలెట్‌దే. క్యాథలిక్ మతంపై ఈమెకు గల గాఢమైన విశ్వాసం జీవితాంతం కొనసాగింది.

ఉద్యోగ ప్రవేశం

కొంతకాలానికి తల్లి ఆరోగ్యం దెబ్బతిన్నది. కుటుంబ పోషణ కోసం వయొలెట్ చదువు మానుకొని, తల్లి చేసిన ఉద్యోగానికే దరఖాస్తు చేసుకుంది. అప్పటి ఓడల కంపెనీలు ఈ పనికి సాధారణంగా నడివయసు స్త్రీలను తీసుకొనేవి. వయసులో ఉన్న అందమైన యువతిని తీసుకుంటే సిబ్బందిలోనూ, ప్రయాణికులలోనూ చిక్కులు వస్తాయని అధికారుల అభిప్రాయం. అందువలన ఆకర్షణీయంగా కనిపించకుండా ఉండేందుకు వయొలెట్ కావాలని పాత, సాదా దుస్తులు ధరించి ఉద్యోగపు ఎంపికకు హాజరయ్యింది. 1908లో, 21 ఏళ్ళ వయసులో రాయల్ మెయిల్ లైన్ కంపెనీకి చెందిన ఒరినోకో అనే ఓడలో ఈమెకు తొలి ఉద్యోగం దొరికింది. తరువాత ఈమె ఇంగ్లండు నుండి అమెరికాకు ఓడలు నడిపే వైట్ స్టార్ లైన్ కంపెనీలో చేరింది.

ఒలింపిక్ ఓడ

1900ల మొదటి దశాబ్దంలో అట్లాంటిక్ ప్రయాణాలలో బ్రిటిష్, జర్మన్ కంపెనీల మధ్య తీవ్రమైన పోటీ ఉండేది. కునార్డ్ కంపెనీ 1907లో లూసిటానియా, మారిటేనియా అనే వేగవంతమైన ఓడలను ప్రవేశపెట్టింది. దీనికి ప్రతిగా వైట్ స్టార్ లైన్ వేగానికి బదులు పరిమాణానికి, సౌకర్యాలకు ప్రాధాన్యమిస్తూ మూడు భారీ ఓడలను బెల్‌ఫాస్ట్ నగరంలోని హార్లండ్ అండ్ వోల్ఫ్ కర్మాగారంలో కట్టించింది. వాటిలో మొదటిది ఒలింపిక్. దీని పొడవు సుమారు 269 మీటర్లు, స్థూల పరిమాణం 45 వేల టన్నులకు పైగా. ఇది 1911 జూన్ 14న సౌతాంప్టన్ నుండి న్యూయార్క్‌కు తొలిప్రయాణం ప్రారంభించింది. వయొలెట్ ఆ సంవత్సరమే ఈ ఓడలో స్టీవార్డెస్‌గా చేరింది.

1911 సెప్టెంబరు 20న ఒలింపిక్ సౌతాంప్టన్ నుండి బయలుదేరిన కొద్దిసేపటికి సోలెంట్ జలసంధిలో బ్రిటిష్ యుద్ధనౌక హాక్ దీనిని ఢీకొన్నది. ఒలింపిక్ వెనుకభాగాన పక్కగోడ చీలి రెండు విభాగాలలోకి నీరు చేరింది. అయినా ఓడ మునగలేదు, ప్రాణనష్టం జరగలేదు. ఓడ తనంతట తానే సౌతాంప్టన్‌కు తిరిగి రాగలిగింది. ఈ సంఘటన వలన ఇటువంటి ఓడలు మునగవనే నమ్మకం ప్రజలలో మరింత బలపడింది. వయొలెట్ చూసిన మూడు ప్రమాదాలలో ఇది మొదటిది.

అట్లాంటిక్ ప్రయాణంలో దినచర్య

సౌతాంప్టన్ నుండి ఓడ సాధారణంగా బుధవారం మధ్యాహ్నం బయలుదేరేది. మొదట ఫ్రాన్సులోని షెర్బూర్ రేవులోనూ, మరునాడు ఐర్లండులోని క్వీన్స్‌టౌన్ (నేటి కోవ్) రేవులోనూ ఆగి, అక్కడి ప్రయాణికులను ఎక్కించుకొని అట్లాంటిక్‌లోకి ప్రవేశించేది. న్యూయార్క్ చేరడానికి సుమారు ఆరు రోజులు పట్టేది. అక్కడ కొద్దిరోజులు ఆగి బొగ్గు, సరుకులు నింపుకొని తిరుగుప్రయాణం అయ్యేది.

ఓడలో మూడు తరగతులు ఉండేవి. మొదటి తరగతివారికి వ్యాయామశాల, ఈతకొలను, ఆవిరి స్నానశాల, చదువుకొనే గది, పొగత్రాగే గది వంటివి ఉండేవి. రెండవ తరగతిలో సౌకర్యాలు మధ్యతరగతి హోటళ్ళను పోలి ఉండేవి. మూడవ తరగతిలో ఎక్కువమంది బ్రతుకుతెరువు కోసం అమెరికాకు వలస వెళ్ళే యూరప్ దేశాల ప్రజలు. అంటురోగాల భయంతో అమెరికా చేసిన వలస చట్టాల ప్రకారం వీరిని ఇతర తరగతులవారితో కలవనీయకుండా వేరుగా ఉంచవలసి ఉండేది. ఓడ అడుగున 29 బాయిలర్లు రాత్రింబవళ్ళు మండుతూ రోజుకు 600 టన్నులకు పైగా బొగ్గును హరించేవి. ఆ బొగ్గును మనుషులే పారలతో కొలుములలో వేసేవారు.

ఓడ సిబ్బంది మూడు విభాగాలుగా ఉండేవారు. ఓడను నడిపే డెక్కు విభాగం అన్నిటిలో చిన్నది. రెండవది ఇంజిన్ విభాగం. ప్రయాణికుల భోజన, వసతి ఏర్పాట్లు చూసే విభాగం అన్నిటికంటె పెద్దది. స్టీవార్డెస్‌లు ఈ చివరి విభాగానికి చెందినవారు. టైటానిక్‌లో సుమారు 900 మంది సిబ్బంది ఉంటే వారిలో స్త్రీలు 23 మంది మాత్రమే.

స్టీవార్డెస్ పని తెల్లవారుజామున మొదలయ్యేది. నిద్ర లేచేసరికి ప్రయాణికురాళ్ళకు తేనీరు అందించాలి. కొద్ది గదులకే సొంత స్నానపు గదులు ఉండేవి కనుక మిగిలినవారి స్నానాలకు వరుస ఏర్పాటు చేయాలి. పక్కలు సర్ది, గదులు ఊడ్చి, పూలకుండీలలో నీరు మార్చాలి. ఉదయం పది దాటాక కెప్టెన్ ముఖ్య అధికారులతో కలిసి ఓడ అంతా తనిఖీ చేసేవాడు. ఆ సమయానికి అన్నీ శుభ్రంగా ఉండాలి. మధ్యాహ్నం ఓడ గడచిన 24 గంటలలో ప్రయాణించిన దూరాన్ని ప్రకటించేవారు. పొగత్రాగే గదిలో పురుషులు ఆ దూరంపై పందాలు కాసేవారు. సాయంత్రం బాకా ఊది భోజనానికి పిలిచేవారు. అంతకు ముందే స్టీవార్డెస్‌లు స్త్రీలకు దుస్తులు ధరించడంలో సహాయం చేయాలి. వారు భోజనానికి వెళ్ళగానే గదులు మళ్ళీ సర్ది, పక్కలు పరచాలి. రాత్రి గంట మ్రోగితే ఏ వేళనైనా వెళ్ళాలి.

సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజులలో ఈ పని మరింత కష్టమయ్యేది. ఓడ ఊగిసలాటకు తలతిరుగుడు, వాంతులతో మంచాన పడినవారిని ఈమెవంటివారే చూసుకోవాలి. తమకూ అదే బాధ కలిగినా పని మానడానికి వీలు లేదు. పడమటి దిక్కుగా ప్రయాణించేటప్పుడు ప్రతిరాత్రి గడియారాన్ని కొంత వెనుకకు తిప్పేవారు. అందువలన ప్రయాణికులకు అదనంగా నిద్ర దొరికేది. సిబ్బందికి మాత్రం రోజు మొత్తం 24 గంటలను మించేది. జీతం చాలా తక్కువ. ప్రయాణం చివర ప్రయాణికులు ఇచ్చే ఈనాములే అసలు ఆదాయం. దయగల ప్రయాణికులతో పాటు అహంకారులు, పిసినారులు కూడా తారసపడేవారు. వారందరి మధ్య నవ్వుముఖంతో మెలగడమే ఈ ఉద్యోగంలో అన్నిటికంటె కష్టమైన భాగం.

ఈ పరిస్థితులలో ఓడల రూపశిల్పి థామస్ ఆండ్రూస్ సిబ్బంది ఇబ్బందులను అడిగి తెలుసుకొని వారి వసతులలో మార్పులు చేయించాడు. తమ మాటను చెవిన పెట్టిన ఆ వ్యక్తిపై వయొలెట్‌కు, తోటి ఉద్యోగులకు ఎంతో గౌరవం ఉండేది.

టైటానిక్ ప్రమాదం

ఒలింపిక్‌లో పని వయొలెట్‌కు నచ్చింది. కొత్తగా తయారైన టైటానిక్‌కు మారడం ఈమెకు ఇష్టం లేకపోయినా స్నేహితులు మంచి అనుభవం అవుతుందని ఒప్పించారు. 1912 ఏప్రిల్ 10న, 24 ఏళ్ళ వయసులో, ఈమె సౌతాంప్టన్‌లో టైటానిక్ ఎక్కింది. ఓడ రేవు దాటుతుండగానే న్యూయార్క్ అనే మరొక ఓడ కట్టుత్రాళ్ళు తెంచుకొని దీనికి అతి చేరువగా వచ్చింది. కొద్దిలో ప్రమాదం తప్పింది.

ఏప్రిల్ 14 రాత్రి 11 గంటల 40 నిమిషాలకు ఓడ మంచుకొండను ఢీకొన్నది. అప్పటికి వయొలెట్ తన గదిలో పడుకొని ప్రార్థన చదువుకుంటూ ఉన్నది. ఆదేశం రాగానే తన బాధ్యతలో ఉన్న గదులకు వెళ్ళి ప్రయాణికురాళ్ళను లేపి, వెచ్చని దుస్తులు, రక్షణ కవచాలు తొడిగించింది. తరువాత సిబ్బందిని పైడెక్కుకు రమ్మన్నారు. ఇంగ్లీషు అర్థంకాని ప్రయాణికులు ఎంతోమంది ఉన్నందున, పడవ ఎక్కడం ఎలాగో వారికి చూపించడానికి స్టీవార్డెస్‌లను ముందుగా ఎక్కవలసిందిగా చెప్పారు. ఆ విధంగా ఈమె 16వ నంబరు పడవలో చేరింది. పడవ దించుతుండగా ఒక అధికారి ఈమె చేతికి ఒక పసిబిడ్డను అందించి చూసుకొమ్మన్నాడు.

టైటానిక్‌లో 20 పడవలు మాత్రమే ఉండేవి. వాటిలో 1,178 మందికి చోటు ఉండగా, ఓడలో 2,200 మందికి పైగా ఉన్నారు. అనేక పడవలు నిండకుండానే దిగిపోయాయి. తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషాలకు ఓడ మునిగిపోయింది. సుమారు 1,500 మంది మరణించారు. వారిలో థామస్ ఆండ్రూస్, వయొలెట్ ఎరిగిన వాద్యకారుడు జాన్ హ్యూమ్ ఉన్నారు. ఓడలోని సంగీత బృందంలో ఒక్కరు కూడా మిగలలేదు. సిబ్బందిలో నాలుగింట మూడు వంతుల మంది చనిపోయారు. స్త్రీ ఉద్యోగులు 23 మందిలో 20 మంది బ్రతికారు.

వయొలెట్ ఆ చలిలో రాత్రంతా బిడ్డను గుండెకు హత్తుకొని కూర్చున్నది. ఉదయం కార్పేథియా అనే ఓడ వచ్చి బ్రతికినవారిని ఎక్కించుకున్నది. దాని డెక్కుపై ఒక స్త్రీ పరుగున వచ్చి, ఒక్కమాట కూడా మాట్లాడకుండా, బిడ్డను ఈమె చేతులలో నుండి లాక్కొని ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆమె ఆ బిడ్డ తల్లి అయి ఉంటుందని వయొలెట్ భావించింది. 16వ నంబరు పడవలో ఉన్నట్లు దాఖలాలలో కనిపించే పసివాడు అసద్ థామస్. అతనిని ఎత్తుకున్నది ఎడ్వినా ట్రౌట్ అనే మరొక ప్రయాణికురాలని నమోదైంది. అందువలన వయొలెట్ ఎత్తుకున్న బిడ్డ ఎవరనే విషయమై పరిశోధకులలో చర్చ ఉంది.

ఆ కాలపు నియమం ప్రకారం ఓడ మునిగిన క్షణం నుండి నావికులకు, ఇతర సిబ్బందికి జీతం ఆగిపోయేది. టైటానిక్ సిబ్బందికి కూడా ఏప్రిల్ 15 వరకే జీతం లెక్కకట్టారు. సర్వస్వం పోగొట్టుకొని, మంచునీటిలో నుండి బయటపడినవారికి తిరుగుప్రయాణపు రోజుల జీతం కూడా దక్కలేదు. 1920లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందం ద్వారా ఓడ మునిగినపుడు సిబ్బందికి నిరుద్యోగ పరిహారం ఇవ్వాలనే నియమం ఏర్పడింది. బ్రిటన్ దీనిని 1925లో చట్టంగా చేసింది.

వయొలెట్ మళ్ళీ సముద్రంపైకే వెళ్ళింది. ఆమె సంపాదన ఇంటికి అవసరం. ఆమెకు తెలిసిన పని కూడా అదే. టైటానిక్ ప్రమాదం తరువాత ఒలింపిక్‌కు లోపలివైపు రెండవ గోడ నిర్మించి, పడవల సంఖ్యను 20 నుండి 64కు పెంచారు.

బ్రిటానిక్ ప్రమాదం

మొదటి ప్రపంచయుద్ధం మొదలైన తరువాత వయొలెట్ బ్రిటిష్ రెడ్‌క్రాస్ తరఫున సేవలో చేరింది. మూడవ ఓడ అయిన బ్రిటానిక్ ప్రయాణికులను ఎక్కించుకొనే అవకాశం లేకుండానే 1915 డిసెంబరులో ఆసుపత్రి ఓడగా మారింది. వయొలెట్ ఆ ఓడలో పనిచేసింది.

1916 నవంబరు 21 ఉదయం ఎనిమిది గంటలు దాటాక గ్రీసు దేశపు కేయా ద్వీపం సమీపాన బ్రిటానిక్ క్రింద ప్రేలుడు సంభవించింది. జర్మన్ జలాంతర్గామి అమర్చిన మందుపాతర దీనికి కారణం. గాలి కోసం తెరచి ఉంచిన కిటికీల గుండా నీరు వేగంగా లోపలికి చేరింది. కెప్టెన్ ఛార్లెస్ బార్ట్‌లెట్ ఓడను ద్వీపపు ఒడ్డుకు చేర్చాలని ప్రయత్నించాడు. ఇందుకోసం ఇంజిన్లు నడుస్తూ ఉండగానే, అనుమతి లేకుండా కొన్ని పడవలను దించారు. ఓడ వెనుకభాగం పైకి లేవడంతో తిరుగుతున్న ప్రొపెల్లర్ రెక్కలు నీటిపైకి వచ్చి రెండు పడవలను తమవైపు లాగి ముక్కలు చేశాయి.

ప్రొపెల్లర్ వైపు లాగబడుతున్న పడవలో వయొలెట్ ఉన్నది. ఈత రాకపోయినా ఈమె నీటిలోకి దూకింది. నీటిలో ఓడ అడుగుభాగానికి తల బలంగా తగిలింది. ఎలాగో పైకి తేలి, మరొక పడవవారి సాయంతో బ్రతికింది. చాలా సంవత్సరాల తరువాత తలనొప్పికి వైద్యుని వద్దకు వెళ్ళినపుడు పుర్రె ఎముక ఎప్పుడో చిట్లినట్లు తెలిసింది. తన ఒత్తైన జుట్టే కాపాడిందని ఈమె అనుకొనేది. టైటానిక్ మునిగాక ఈమె ఎక్కువగా ఇబ్బందిపడింది దంతాల బ్రష్షు లేక. అందువలన బ్రిటానిక్ గది విడిచి వచ్చేటప్పుడు మరువకుండా బ్రష్షును వెంట తీసుకున్నది.

బ్రిటానిక్ 55 నిమిషాలలో మునిగింది. పడవలు చాలినన్ని ఉండడం, పగటిపూట కావడం, నీరు వెచ్చగా ఉండడం వలన వెయ్యిమందికి పైగా బ్రతికారు. 30 మంది మరణించారు.

యుద్ధానంతర జీవితం

1920లో వయొలెట్ తిరిగి వైట్ స్టార్ లైన్‌లో చేరింది. తరువాత రెడ్ స్టార్ లైన్‌కు మారి, ఆ కంపెనీకి చెందిన బెల్జన్‌లండ్ ఓడలో రెండుసార్లు ప్రపంచయాత్ర చేసింది. చివరకు తాను మొదట పనిచేసిన రాయల్ మెయిల్ లైన్‌లోనే మళ్ళీ చేరింది.

ఈ కాలంలో ఓడప్రయాణాల స్వరూపం మారిపోయింది. అమెరికా 1921, 1924 సంవత్సరాలలో చేసిన చట్టాల వలన వలసలు బాగా తగ్గి, మూడవ తరగతి గదులు ఖాళీ కాసాగాయి. కంపెనీలు వాటిని మెరుగుపరచి విహారయాత్రికులకు ఇవ్వడం మొదలుపెట్టాయి. 1934లో వైట్ స్టార్, కునార్డ్ కంపెనీలు విలీనమయ్యాయి. 1935లో ఒలింపిక్ సేవ నుండి విరమించింది. మూడు ఓడలలో పూర్తికాలం సేవ చేసి రేవులో ముగిసినది ఇదొక్కటే.

వయొలెట్ ముప్పయ్యవ పడి చివరలో వివాహం చేసుకున్నది. ఆ వివాహం ఎక్కువకాలం నిలవలేదు. 1950లో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో గ్రేట్ ఆష్‌ఫీల్డ్ అనే గ్రామంలో స్థిరపడింది. అక్కడ తోటపని చేసుకుంటూ, కోళ్ళు పెంచుకుంటూ జీవించింది. 1971 మే 5న గుండెజబ్బుతో 83 ఏళ్ళ వయసులో మరణించింది.

ఆత్మకథ

వయొలెట్ తన జ్ఞాపకాలను 1934లో వ్రాసింది. అవి ఆమె జీవితకాలంలో వెలుగు చూడలేదు. ఓడల చరిత్రకారుడు జాన్ మాక్స్‌టన్-గ్రాహమ్ ఆమె చివరి రోజులలో ఆమెను స్వయంగా కలుసుకున్నాడు. ఆయన సంపాదకత్వంలో ఆ జ్ఞాపకాలు టైటానిక్ సర్వైవర్ అనే పేరుతో 1997లో పుస్తకంగా వెలువడ్డాయి. పుస్తకం పేరు టైటానిక్‌ను సూచించినా, అందులో అధికభాగం అర్జెంటీనా బాల్యం, ఓడలలో దైనందిన చాకిరి, తోటి ఉద్యోగుల మంచిచెడ్డల గురించే.

ప్రాముఖ్యత

పెద్ద ఓడల గురించిన రచనలలో ఎక్కువభాగం వాటి నిర్మాణం, వేగం, ధనవంతులైన ప్రయాణికుల చుట్టూ తిరుగుతాయి. ఆ వైభవం వెనుక వందలమంది శ్రమ ఉన్నదని, ప్రమాదం వచ్చినపుడు ఎక్కువగా నష్టపోయింది కూడా వారేనని వయొలెట్ జీవితం తెలుపుతుంది. మూడుసార్లు బయటపడడం అదృష్టం కావచ్చును. టైటానిక్ తరువాత నాలుగు సంవత్సరాలకు బ్రిటానిక్‌లో, ఆ తరువాత మరో మూడు దశాబ్దాలు ఇతర ఓడలలో అదే పనికి తిరిగి వెళ్ళడం మాత్రం ఈమె ధైర్యానికీ, ఈమె బరువు బాధ్యతలకూ నిదర్శనం. బ్రిటానిక్ శిథిలాలను 1975లో జాక్ కూస్తో, టైటానిక్ శిథిలాలను 1985లో రాబర్ట్ బల్లార్డ్ పాల్గొన్న బృందం కనుగొన్నారు. ఈ రెండూ వయొలెట్ మరణం తరువాత జరిగినవే.